కనురెప్ప చూసి తాపండి నట్టల మందు

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో పశుసంవర్ధక సహాయకులుగా చేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ నాలుగు మాటలు. ‘మందు తాపినాము సార్, అయినా దవడ కింద నీరు దిగుతాంది’ అని కాపరి వస్తే మందు నకిలీదని తేల్చేయకండి. మందుకు లొంగని నట్టలు ఆ మందలో పెరిగి ఉండొచ్చు.

రక్తం పీల్చే హెమాంకస్ నట్ట గొర్రె నాలుగో పొట్టలో కాపురముంటుంది. చచ్చిన గొర్రె పొట్ట కోసి చూస్తే ఎరుపు, తెలుపు దారాలు పేనినట్టు సన్నగా కనిపిస్తుంది. ఆడది రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. అంత సంతానంలో అన్నీ ఒకేలా ఉండవు. ఆల్బెండజోల్ నట్ట ఒంట్లోని ట్యూబులిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని చంపుతుంది. ఆ ప్రొటీన్ జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, మందుకు పట్టు దొరకదు. మందు తాపిన ప్రతిసారీ మామూలు నట్టలు చస్తాయి, మారినవి మిగిలి పిల్లల్ని కంటాయి. ఈ జాతి మందుల్లో మొదటిదైన థయాబెండజోల్ 1961లో వచ్చింది. 1964కల్లా దానికి లొంగని హెమాంకస్ బయటపడింది.

మన ప్రాంతానికి ముఖ్యమైన సంగతి ఎండాకాలం. బీడు ఎండి మాడినప్పుడు నేల మీద నట్ట పిల్లలు దాదాపు బతకవు. ఆ రోజుల్లో మంద మొత్తానికీ ఒకేసారి తాపితే, వానలు పడి గడ్డి మొలిచేసరికి బీడునిండా మందుకు తట్టుకున్న నట్టల సంతానమే ఉంటుంది. అందుకే బలంగా ఉన్న పెద్ద గొర్రెలు కొన్నింటిని వదిలేయండి. వాటి పెంటికలతో పడే మామూలు నట్టలు మొండివాటితో కలిసి వాటి జోరు తగ్గిస్తాయి.

ఏది వదలాలో కన్ను చెబుతుంది. కింది రెప్ప తిప్పి వెలుతురులో చూడండి. ఎర్రగా ఉంటే ఆగొచ్చు. సున్నంలా తెల్లబడితే వెంటనే తాపాలి. ఈనబోయే, ఈనిన గొర్రెల్లో తట్టుకునే శక్తి తగ్గుతుంది, పిల్లల్లో అది ఇంకా రాదు. వాటిని ముందు చూడండి. ఏటా రెప్ప ఎర్రగానే ఉండే గొర్రె పిల్లనే విత్తన పొట్టేలుగా ఉంచమని కాపరికి చెప్పండి. సుందరబన్స్ గరోల్ గొర్రెలు హెమాంకస్‌ను బాగా తట్టుకుంటాయి, ఆ గుణం రక్తంలో దిగేదే.

తూకం చూసి మోతాదు ఇవ్వండి. చాలీచాలని మందు సగం మొండివాటిని కూడా బతికిస్తుంది. మేకకు గొర్రె మోతాదు చాలదు, డాక్టరుగారిని అడగండి. కొత్తగా చూలు కట్టిన గొర్రెలకు ఆల్బెండజోల్ వద్దు. ఫెన్‌బెండజోల్‌కు మారితే మందు మారినట్టు కాదు, రెండూ ఒకే జాతి. లెవామిసోల్, క్లోసాంటెల్ వేరే జాతులు. సంతలో కొన్న గొర్రెలు కొత్త నట్టలను మోసుకొస్తాయి, కొన్నాళ్లు విడిగా కట్టించండి.



మందు పనిచేసిందో లేదో ఊహించొద్దు. తాపే రోజున పది గొర్రెల పెంటికలు, 14 రోజులకు మళ్లీ అవే గొర్రెలవి, నేల మీదివి కాకుండా నేరుగా తీసి చల్లగా ఉంచి పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌కు పంపండి. గుడ్లు 95 శాతం తగ్గకపోతే ఆ మందు ఆ మందకు పనికిరాదు. డాక్టరుగారితో మాట్లాడి మందు జాతి మార్పించండి.