దువ్వెనకు రావాల్సిన బొచ్చు

బాల్కొండ

మేనకోడలికి మామ దీవించి రాయునది.

నిన్న రాత్రి నువ్వు పంపిన వీడియో నాలుగు సార్లు చూసిన బిడ్డా. దూది నేలకు ఒదిగి, మెడ చాపి ఓకరిస్తుంటే వెనకనుంచి నువ్వు "మామా, దీనికేమన్న అయితదా" అని ఏడుస్తున్నవు. చివరికి నేల మీద పడ్డదాన్ని దగ్గరికి పెట్టి చూపించినవు చూడు, అది మంచి పని చేసినవు. వేలెడు పొడుగు, తడితడిగ, దీపానికి పేనిన వత్తి లెక్క ఉన్నది. అది పురుగు కాదు, పేగు ముక్క అంతకన్న కాదు. దూది బొచ్చే. తెల్లపిల్లి బొచ్చు గోధుమ రంగుల ఎందుకుందని అడిగినవు. కడుపుల తిండి, రసాలు కలిసి ఆ రంగు పట్టింది. బొచ్చు ఉండ అంటరు గానీ గొంతు సందుల నుంచి రావాలె గనుక వత్తి లెక్కనే వస్తది.

ఫోన్ల చెప్తే సగం మర్చిపోత. అందుకే కాయితం మీద రాస్తున్న.

నేను ముప్పై ఏండ్లు పశువుల దవాఖానల చేసిన. బొచ్చు ఉండను మొదట చూసింది పిల్లి కడుపుల కాదు, దూడ కడుపుల. మెండోర దిక్కు ఒక రైతు కొట్టంల రెండు నెలల బర్రెదూడ చచ్చిపోతే, ఎందుకు చచ్చిందో చూద్దామని కోసినం. కడుపుల బత్తాయంత ఉండ దొరికింది. నీళ్లల్ల నానిన గొంగడి ముక్కను రెండు అరచేతుల నడుమ గుండ్రంగ రుద్దినట్టు, నున్నగ, గట్టిగ ఉన్నది. ఆ రైతు దాన్ని కడిగి, గోరోచనమేమో సారూ, దాచిపెట్టుకుంట అన్నడు. గోరోచనమంటే పిత్తం తిత్తిల కట్టే రాయి, ఇది ఉట్టి బొచ్చు అని చెప్పిన. చెప్పుకుంట చెప్పుకుంటనే పక్క గుంజకు కట్టేసి ఉన్న దూడ దిక్కు చూసిన. దాని వీపు మీద ఒక దిక్కంత బొచ్చు లేదు. తల్లి నుంచి విడదీసి కట్టేసిన దూడలు, పాలు తాగినంక నోరు ఊరుకోక, ఒంట్ల ఖనిజాలు తక్కువైతే అందుకు సుత, ఒకదాన్నొకటి నాకుతయి. ఆ నాకిన బొచ్చే ఉండ అయింది.

పాతకాలంల ఈ ఉండలకు పెద్ద విలువ ఉండేదట. ఇంగ్లీషు డాక్టర్లు దీన్ని బెజోర్ అంటరు. పారసీల పాద్‌జహర్, అంటే విషానికి విరుగుడు, అన్న మాట నుంచి వచ్చిన పేరది. మేక జాతి జంతువుల కడుపుల దొరికిన ఉండలను రాజులు తాగే గిన్నెల ముంచుకునేవాళ్లు. నేను చూసిన ఉండ మాత్రం ఒక దూడను తీసుకపోయింది.

ఇప్పుడు దూది సంగతి. పిల్లి నాలుక మీద వేలు పెడితే ఆకురాయి లెక్క గరగర అంటది. దాని మీద లోపలికి వంగిన సన్నని ముండ్లుంటయి. మన గోరు దేనితోని అయిందో అవి సుత దానితోనే అయినయి. 2018ల అమెరికాల జార్జియా టెక్ యూనివర్సిటీల అలెక్సిస్ నోయెల్, డేవిడ్ హు అనే ఇద్దరు వాటిని పరీక్ష చేసి చూసిన్రు. ఆ ముండ్ల కొస డొల్లగ, చిన్న చెంచా లెక్క ఉంటదట. ఒక్క నాలుక మీద అసొంటివి సుమారు 290. ఒక్కొక్కటి ఎంగిలిని అందుకొని బొచ్చు లోపలికి, తోలు దాకా తీసుకపోతది. పులికైనా, మన ఇంటి వెనక తిరిగే చారల పిల్లికైనా అదే పద్ధతి. ఒక్క మన దూది లెక్క పర్షియన్ పిల్లి దగ్గరనే అది పనిచేయదు. దాని బొచ్చు ఎంత ఒత్తంటే, నాలుకతోని అదిమినా సరే ముల్లు తోలుకు అందదు.

అందుకే చెప్తున్న బిడ్డా, దూది పొద్దంత నాక్కున్నా దాని ఒళ్లు దాని చేతిల లేదు. పై పొర బొచ్చు నాలుకకు అంటుకుంటది. ముండ్లు లోపలికి వంగి ఉన్నయి గనుక ఉమ్మేద్దామన్నా రాదు, మింగాల్సిందే. లోపలి బొచ్చేమో చిక్కుబడి ముద్ద కడతది. మనుషులు పొడుగు బొచ్చు కావాలని ఏరి ఏరి పెంచిన జాతి అది. మనిషి చెయ్యి పడకుంట బతకలేని ఒళ్లును మనమే దానికిచ్చినం. నువ్వు దాన్ని ఇంటికి తెచ్చుకున్ననాడే ఆ దువ్వుడు సుత నీ పని అయింది. మందు సంగతి తర్వాత.

పోయినేడు ఇట్ల కాలేదు కదా అంటవేమో. పిల్ల పిల్లికి నాక్కునుడు పూర్తిగ రాదు. ఈడు వచ్చిన కొద్దీ అది గంటలకు గంటలు అదే పని పెట్టుకుంటది. పైగ నీది మూడో అంతస్తు ఇల్లు. బయట తిరిగే పిల్లికి పగటి పొద్దు పెరిగే, తగ్గే లెక్కన బొచ్చు రాలుతది. ఇంట్ల రాత్రి పదకొండు దాకా లైట్లు వెలుగుతుంటే కాలం తెలువక ఏడాది పొడుగునా ఎంతో కొంత రాలుతనే ఉంటది.

రోజు ఒక్క పది నిమిషాలు పెట్టుకో. తిన్నంక, కునుకు ముందర, అది మెత్తగ ఉన్నప్పుడు ఒళ్లె పండుకోబెట్టుకో. స్టీల్ దువ్వెన రెండు తీసుకో, ఒకటి ఎడం పండ్లది, ఒకటి సన్న పండ్లది. పైపైన దువ్వితే నున్నగ కనిపిస్తది గానీ లాభం లేదు. ఒక చేతితోని బొచ్చును ఎదురు ఎత్తి, కింద గులాబి రంగు తోలు కనిపించే దాకా విడదీసి, కొద్దికొద్దిగ దువ్వు. చెవుల వెనక, మెడ కింద, చంకల్ల, కడుపు మీద, తొడల వెనక. ముద్దలు కట్టేది ఆడనే. చిక్కు తగిలితే మొదలు దగ్గర రెండు వేళ్లతోని గట్టిగ పట్టుకొని కొస నుంచి ఇప్పుకుంట రా, అప్పుడు తోలు గుంజుకపోదు. చిన్నప్పుడు మీ అమ్మమ్మ నీ జడ చిక్కు తీసినట్టే. రాకుంటే కత్తెర మాత్రం పెట్టకు. పిల్లి తోలు పల్చన, ముద్దతోని పాటు పైకి లేస్తది, బొచ్చు అనుకొని తోలు కోస్తవు. ముద్దలున్నప్పుడు స్నానం సుత పోయకు, నీళ్లు తగిలితే ఇంక బిగుస్తయి. డాక్టరు దగ్గర మిషన్‌తోని తీయించాలె. దువ్వుడు అయినంక తడి అరచేతితోని ఒళ్లంత ఒకసారి నిమిరితే మిగిలిన బొచ్చు చేతికే వస్తది.

మొదటి రోజు దువ్వెనకు వచ్చిన బొచ్చంత అరచేతిల పెట్టి చుట్టి చూడు. నిమ్మకాయంత అయితది. దాంట్ల ఎంతో కొంత దాని కడుపులకు పోయేదే.

ఇగ భయం సంగతి. మింగిన బొచ్చు చానా మట్టుకు దొడ్డికిల పోతది. అప్పుడప్పుడు, రెండు వారాలకు ఒకసారో నెలకోసారో, ఒక వత్తి కక్కి, మూతి తుడుచుకొని, తిండి గిన్నె దగ్గరికి పోతే నువ్వు సుత నిమ్మళంగ ఉండు. వారంల రెండు మూడు సార్లు అయితే "పర్షియన్ పిల్లికి మామూలే" అనే మాట నమ్మకు. అప్పుడు తప్పు బొచ్చుది కాదు, పేగులదో తోలుదో. పేగులు వాచి కదలిక మందగించినా, దురద పుట్టి, పురుగులు పట్టి, ఒంటరితనంతోని అతిగ నాక్కున్నా ఉండలు పెరుగుతయి. గోడమీది క్యాలెండర్ల కక్కిన రోజు చుక్క పెట్టు. డాక్టరుకు నీ మాట కంటే ఆ చుక్కలు ఎక్కువ చెప్తయి.

ఒకటి నా మనసుల ఇప్పటికీ ముల్లు లెక్క ఉన్నది, అది సుత చెప్తా. నేను రిటైరైన ఏడు తెలిసినోళ్లు పొడుగు బొచ్చు పిల్లిని తెచ్చిన్రు. రెండు రోజుల నుంచి ఓకరిస్తున్నది, ఏమీ పడుతలేదు, తింటలేదు. పర్షియన్ పిల్లి కదా, బొచ్చు ఉండనే, ఒక రోజు చూద్దామన్న. నాలుక ఎత్తి చూడలేదు. తెల్లారి ఇంకొక డాక్టరు చూస్తే నాలుక కింద దారం చుట్టుకొని ఉన్నది, ఇంకొక కొస పేగుల్ల. పేగు ముడుతలు పడి కోసుకుపోయింది. పిల్లి దక్కలేదు. ఆ ఒక్క రోజు నేను పోగొట్టిన రోజు. మీ ఇంట్ల పూలు కట్టే దారం, కుట్టు మిషన్ దారం, రిబ్బన్లు మూత ఉన్న డబ్బాల పెట్టు. నోట్ల నుంచో కింది నుంచో దారం కనిపిస్తే గుంజకు, అట్లనే ఎత్తుకొని ఉరుకు.

మళ్ళ మళ్ళ ఓకరిచ్చినా ఏం పడకుంటే, ఒక పూర్తి దినం తిండి ముట్టకుంటే, దొడ్డికి రాకుంటే, కడుపు ఉబ్బి ముట్టనీయకుంటే, మూలకు పోయి పండుకుంటే, ఆ రోజే చూపించాలె. పిల్లి, అందుల బొద్దుగ ఉన్న పిల్లి, రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తది. నేలకు ఆనుకొని మెడ చాపి దగ్గుడే ఉండి, ఎన్నడూ వత్తి పడకుంటే అది ఉబ్బసం కావచ్చు. వీడియో తీసి చూపించు, నాకు తీసినట్టే. నిజామాబాద్‌ల ఎక్స్‌రే ఉండి, పిల్లులు చూసే అలవాటున్న డాక్టరు ఎవరో ఈ వారమే కనుక్కో. హైదరాబాద్‌ల రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజి ఉన్నది. ఆపద రాత్రి వెతికితే దొరకదు.

ఇరుగుపొరుగు వాళ్లు మందులు చెప్తరు. మన దిక్కు పసుపు పండని చేను లేదు గనుక దేనికైనా పసుపు పాలు అంటరు. పసుపు బొచ్చును కరిగించదు. ఎదిగిన పిల్లుల్ల చానా వాటికి పాలు అరగవు, పారుకుంటది. ఆముదం, మంచినూనె నోట్ల పోయకు. బర్లకు గొట్టంతోని నూనె పోస్తే ఊపిరితిత్తులల్లకు పోయి చచ్చుడు నా కండ్లతోని చూసిన, ఇంతంత పిల్లి గొంతు ఎంత? పురుగులు పోవాలని ఎడ్లకు, కుక్కలకు పెట్టే పిడుదుల మందు పూయకు, వాటిల్ల పెర్‌మెత్రిన్ జాతివి ఉంటయి, అవి పిల్లికి విషం. ఉండల కోసం దొరికే పేస్టు డాక్టరు చెప్పిన కొలతల, తిండికీ తిండికీ నడుమ, వేలి మీద పెట్టి నాకించు. జిగురుతోని బొచ్చు జారిపోతది. రోజు అలవాటు చేయకు.

నీళ్లే అసలు మందు. పొడి గింజలొక్కటే కాక తడి తిండి సుత పెట్టు. మనకు ఎండకాలం 44, 45 డిగ్రీలకు పోతది, కూలర్ ఉన్నా పిల్లి నీళ్లు తక్కువే తాగుతది. వెడల్పు గిన్నెలు రెండు మూడు పెట్టు, తిండికి దూరంగ. ఉప్పు, ఉల్లి, ఎల్లిగడ్డ లేకుండ ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు ఒక చెంచా తిండిల కలిపితే పీచు అందుతది.

గడ్డి అడిగినవు కదా. గోధుమలు నానబెట్టి ట్రేల మొలిపించి, వేలెడు లేసినంక దాని ముందర పెట్టు, అదే కొరుక్కుంటది. ఎర్రజొన్న మాత్రం వద్దు. ఇంట్ల ఉన్నయి కదా అని మీ అమ్మ ఇస్తదేమో, చెప్పి ఉంచు. లేత జొన్నల విషం ఉంటది. కోసిన మళ్లల్ల మళ్లీ లేసిన పిలకలు మేసిన పశువులు గంట తిరగక ముందే పడిపోతుంటే సూది పట్టుకొని ఉరికినోన్ని నేను. పిల్లికి దాని దగ్గరి పోలికల్లదేదీ పెట్టొద్దు.

నువ్వు పనికి పోతే అది పొద్దంత ఒక్కతే ఉంటది. సాయంత్రం వచ్చినంక పావుగంట ఆడించు, కట్టేసిన ఆ దూడ లెక్క నాక్కుంట కూసోనీయకు.

ఆదివారం పొద్దుగాల బస్సుకు వస్తున్న. గోధుమలు రెండు సేర్లు తెస్త, దువ్వెనలు నువ్వు కొని పెట్టు. ఎడమ చంక కింద ఏదో గట్టిగ తగులుతున్నదన్నవు. నేనొచ్చే దాకా దాన్ని గుంజకు.

మీ మామ