పది రూపాయల అర్జీ నేర్పిన పాఠాలు

నౌపడ జంక్షన్లో గుణుపురం బండెక్కితే కాసేపటికే ఒడిశా. ఉద్దానం ఆడపిల్లలు నర్సింగు చదువుకు బరంపురం వెళ్తారు, బెంగళూరూ వెళ్తారు. తిరిగొచ్చి మన దగ్గర పనిచేయాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ 'అభ్యంతరం లేదు' అని కాగితమివ్వాలి. అలాంటి కాగితాల కోసం సమాచార హక్కు అర్జీలు రాసిపెడుతూ నేర్చుకున్నవివి.

1. 'ఎందుకు' అని అడక్కండి. మా తమ్ముడి మనవరాలి కాగితం ఓ కౌన్సిల్లో ఆగిపోతే నా మొదటి అర్జీ నిండా ఎందుకులే. 'ఇది సమాచారం కాదు' అని ఒక్క ముక్కతో తిప్పి పంపారు. కోపమొచ్చింది గానీ తప్పు నాదే. చట్టం ఇప్పించేది రికార్డులో ఉన్నదాన్నే. రెండోసారి దరఖాస్తు నంబరు వేసి, నోట్ షీట్ల నకళ్లు అడిగాను. వచ్చాయి. మూడో పేజీ అంచున పెన్సిలుతో చిన్న అక్షరాలు: 'ఫొటో మీద గెజిటెడ్ సంతకం లేదు.' నెలల తరబడి ఆ మాట మాకెవరూ చెప్పలేదు!

2. 'సెక్షన్ 8' అనగానే బెదిరిపోకండి. అందులో మినహాయింపులు పదే. ఏ క్లాజు, ఎందుకు వర్తిస్తుందో అధికారులే రాసివ్వాలి. దాచాల్సిన ముక్క కొట్టేసి మిగతాది ఇవ్వమంటుంది సెక్షన్ 10.

3. పక్కవాళ్ల వివరాల జోలికెళ్తే 8(1)(జె) అడ్డొస్తుంది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చన్న మాట ఆ క్లాజులోనే ఉండేది. 2023 డేటా రక్షణ చట్టం దాన్ని తీసేసింది. ప్రజాప్రయోజనం మాట చెప్పే 8(2) మిగిలింది గానీ, దొంగ సర్టిఫికెట్‌తో సూదులు వేసేవాణ్ణి బయటపెట్టడం ఇక కష్టమే. నాకిది నచ్చలేదు.

4. పరీక్షల సంగతి 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ జవాబు పత్రం మీరు చూడొచ్చు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ కేసులో మాత్రం, దిద్దేవాళ్లకు నమ్మకం మీద అప్పగించిన సూచనలు ఇవ్వక్కర్లేదంది.

5. ఒడిశా కార్యాలయాలకు ఫారం-ఎ, గుర్తింపు రుజువు, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు కావాలి. తెల్లకాగితం, పోస్టల్ ఆర్డరు అక్కడ చెల్లవు.

6. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, ఆపై ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. అందుకే అర్జీ నకలు దాచుకోండి, స్పీడ్ పోస్టు రసీదు దానికే పిన్ను కొట్టి ఉంచండి.