పిట్ట కోసం దిగులు పడిన పసివాడు

బక్రీద్‌కు వారం పది రోజుల ముందు మన ఇళ్లకు మేకపోతో, పొట్టేలో వస్తుంది. పెద్దలకు అది ఖుర్బానీ జంతువు. పిల్లలకు కొత్త నేస్తం. దానికి పేరు పెడతారు, ఆకులు మేపుతారు, మెడ నిమురుతారు. పండుగ ఉదయాన వాళ్ల కళ్లలో నీళ్లు తిరుగుతాయి. "మగపిల్లాడివై ఉండి ఏడుస్తావా? ఖుర్బానీకి ఏడిస్తే గునాహ్!" అని గద్దిస్తాం. పిల్లవాడు నోరు మూసుకుంటాడు. కాని దుఃఖం పోదు. దాన్ని మన దగ్గర చెప్పుకోకూడదని మాత్రం నేర్చుకుంటాడు.

సోదర సోదరీమణులారా! ఇలాంటి సందర్భంలో దైవప్రవక్త (స) ఏం చేశారో చూద్దాం.

మదీనాలో హజ్రత్ అబూ తల్హా (రజి), హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) దంపతులకు అబూ ఉమైర్ అనే చిన్న కొడుకు ఉండేవాడు. పిచ్చుకలాంటి ఒక పిట్టతో ఆడుకునేవాడు. ప్రవక్త (స) వాళ్లింటికి వచ్చినప్పుడల్లా అతనితో సరదాగా మాట్లాడేవారు. ఒకరోజు ఆ పసివాడు దిగులుగా కనిపించాడు. ఏమైందని అడిగితే, పిట్ట చనిపోయిందని ఇంట్లోవాళ్లు చెప్పారు. అప్పుడు ఆయన 'ఉమైర్', 'నుగైర్' అని ప్రాస కలిపి, నీ చిన్ని పిట్ట ఏమైందని ఆ పిల్లవాణ్ణే ప్రేమగా పలకరించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం, అబూదావూద్ గ్రంథాల్లో ఉంది. హిజ్రీ 335లో మరణించిన షాఫిఈ పండితుడు ఇబ్నుల్ ఖాస్ ఈ ఒక్క హదీసు నుంచే అరవైకి పైగా విషయాలు వెలికితీసి ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు. తల్లిదండ్రులకు అందులో ముఖ్యంగా మూడు పాఠాలున్నాయి.

1. గమనించి అడగాలి: ఎన్నో బాధ్యతల మధ్య కూడా ప్రవక్త (స) ఒక పసివాడి ముఖంలోని దిగులును చూశారు.

2. చిన్న బాధ అని తీసిపారేయకూడదు: ఇంకో పిట్ట తెచ్చుకోవచ్చులే అని ఆయన అనలేదు. పెద్దవాళ్లను గౌరవంగా పిలిచినట్టు కునియత్‌తో పిలిచి, అతని పిట్ట గురించే మాట్లాడారు.

3. ఏడుపు ఈమాన్ బలహీనత కాదు: తన కుమారుడు ఇబ్రాహీమ్ చివరి ఘడియల్లో ప్రవక్త (స) కన్నీరు కార్చారు. మీరు కూడానా అని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అడిగితే, ఇది కారుణ్యమని చెప్పారు. కన్ను కన్నీరు కారుస్తుంది, హృదయం బాధపడుతుంది, నోటితో మాత్రం ప్రభువు మెచ్చే మాటే అంటామని బోధించారు. అంటే హద్దు మాటకూ చేతకూ ఉంది, కన్నీటికి లేదు. పిల్లలకు నేర్పాల్సింది ఇదే.

ఇప్పుడు మన ఇంటి మేకపోతు సంగతికి వద్దాం. అది ఖుర్బానీ కోసమని తెచ్చిన రోజే చెప్పండి. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) సైతం తన కలను కుమారునికి చెప్పి, నీ అభిప్రాయమేమిటని అడిగారని దివ్య ఖుర్ఆన్ (37:102) తెలుపుతోంది. మేక ఎక్కడికో వెళ్లిపోయిందని అబద్ధం చెప్పకండి. ఒక తల్లి ఏదో ఇస్తానని బిడ్డను పిలిచినప్పుడు, ఏమీ ఇవ్వకపోతే అది అబద్ధంగా రాయబడేదని ప్రవక్త (స) హెచ్చరించారు (అబూదావూద్). జిబహ్ చూడలేనంటే బలవంతపెట్టకండి. ఏడిస్తే దగ్గరికి తీసుకోండి. కత్తికి పదును పెట్టి జంతువుకు బాధ తగ్గించమన్న ధర్మం మనది. ఆ జాలి మొలకే మీ బిడ్డ కంట్లోనూ ఉంది. దాన్ని తుంచకండి.

ఈరోజు మేక కోసం ఏడ్చినప్పుడు అక్కున చేర్చుకుంటే, రేపు పెద్ద కష్టం వచ్చినప్పుడు కూడా ఆ బిడ్డ మన దగ్గరికే వస్తాడు.

అల్లాహ్ మన హృదయాల్లో పిల్లల పట్ల కారుణ్యాన్ని నింపుగాక! ఆమీన్.