పోటీ పరీక్షల ప్రత్యేకం: పార్సర్ – ఎక్స్‌ప్రెషన్, స్టేట్‌మెంట్ వివేచనము
ఢిల్లీ సాకేత్ పరిసరములందు వసించుచు గేట్ కంప్యూటర్ సైన్స్ పరీక్షకై శ్రమించు తెలుగు విద్యార్థులు కంపైలర్ అధ్యాయమున ముందుగ గ్రహింపవలసిన భేదమిది: విలువ నొసగునది ఎక్స్‌ప్రెషన్, కార్యమును నిర్దేశించునది స్టేట్‌మెంట్. 1960 నాటి ఆల్గాల్ నివేదికయందు బాకస్-నార్ రూపమున ఈ రెండును వేర్వేరు సూత్రములుగ నిబద్ధములైనవి.

సి భాషయందు అసైన్‌మెంట్ తానే యొక విలువ నొసగును గావున ఎక్స్‌ప్రెషనే యగును. చివర సెమీకోలన్ చేరినంతనే పార్సర్ దానిని స్టేట్‌మెంటుగ స్వీకరించును. పాస్కల్‌నందు అది స్టేట్‌మెంటు మాత్రమే.

జావాస్క్రిప్టునందు స్టేట్‌మెంటు మొదట కర్లీ బ్రాకెట్ కనబడినచో బ్లాకుగను, విలువ రావలసిన చోట కనబడినచో ఆబ్జెక్టుగను పార్సర్ నిర్ణయించును. ఒకే చిహ్నమునకు స్థానమే స్వరూపము నిచ్చు ఈ వ్యవస్థ, నా దృష్టిలో, వ్యాకరణశాస్త్రమునకే అలంకారము. పైథాన్‌నందు స్టేట్‌మెంటుగనే యుండిన అసైన్‌మెంటునకు 2019లో వెలువడిన 3.8 కూర్పు ఎక్స్‌ప్రెషన్ రూపమును గూడ కల్పించినది.