ఇంటర్నెట్ కంపెనీ మార్చే ముందు: స్థిర ఐపీ, చర ఐపీ తెలుసుకుందాం

తెలుగు డిపార్టుమెంటు గోడపత్రికలో ఐపీ అడ్రసు మీద వ్యాసమేమిటని కొందరు అడగొచ్చు. కారణం ఉంది. మనలో చాలామంది ఇళ్లలో బిల్లు నాన్న కట్టినా, కంపెనీవాళ్లతో మాట్లాడేది మనమే. "కాలేజీకి పోతావు కదా, నువ్వే కనుక్కో" అని ఫోను మన చేతికిస్తారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో కన్నడం మాట్లాడే ఊరు మనది. అయినా ఫోనులో అవతలివాళ్లు "స్టాటిక్ కావాలా, డైనమిక్ చాలా?" అంటే ఏ భాషలోనూ జవాబు దొరకదు. ఏదో ఒకదానికి సరే అనేస్తాం, నెలనెలా డబ్బు పోతుంది. మన భాషలో ఒకసారి అర్థం చేసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

1902లోనే శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల తీగ లాగి కరెంటు తెచ్చిన ఊరు కేజీఎఫ్. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక ఇక్కడివాళ్లు బతుకు తెరువుకి రోజూ రైలెక్కి బెంగళూరు పోతున్నారు. ఇంటినుంచే పనిచేసే వీలున్నవాళ్లకి, ఆన్‌లైన్‌లో పరీక్ష ఫీజు కట్టే మనకి, ఇంటర్నెట్ ఇప్పుడు కరెంటంత అవసరం. కాబట్టి కంపెనీ మార్చడం చిన్న విషయం కాదు.

1. ఐపీ అడ్రసు అంటే ఏమిటి?

ఉత్తరానికి చిరునామా ఎలాగో ఇంటర్నెట్‌లో ప్రతి కనెక్షనుకీ ఒక అంకెల చిరునామా అలాగ. రాబర్ట్‌సన్‌పేట పిన్‌కోడు 563122, కోలారుది 563101. ఆ అంకెలు చూసే పోస్టాఫీసు సంచిలో వేస్తుంది. అలాగే మనం ఒక పుస్తకం డౌన్‌లోడు చేస్తే, అది చిన్నచిన్న ముక్కలుగా విడిపోయి, ప్రతి ముక్క మీదా మన ఐపీ అడ్రసు రాసుకుని వస్తుంది. అడ్రసు లేకపోతే ముక్కలు ఎక్కడికి రావాలో తెలియదు.

ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతి పేరు ఐపీవీ4. దీని నియమాలు 1981లో వచ్చాయి. అందులో అడ్రసు నాలుగు అంకెల గుంపులుగా ఉంటుంది, ఒక్కో గుంపు 0 నుంచి 255 దాకా. మొత్తం కలిపితే సుమారు 429 కోట్ల అడ్రసులు. అప్పట్లో అది చాలా ఎక్కువ అనుకున్నారు. ఇప్పుడు మన దేశ జనాభాయే 140 కోట్లు దాటింది, ఒక్కో ఇంట్లో నాలుగైదు ఫోన్లు. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ కేంద్ర నిల్వలో ఉన్న చివరి అడ్రసుల గుంపులు పంచేశారు. అప్పటినుంచి ఉన్నవాటినే సర్దుకోవాలి. కింద చెప్పబోయే తేడాలన్నిటికీ మూలం ఈ కొరతే.

2. స్థిరం, చరం

మారికుప్పం నుంచి బెంగళూరు పోయే రైలులో సీజన్ పాసు ఉన్నవాళ్లని గుర్తు తెచ్చుకోండి. పాసు ఉంది కాబట్టి రైలెక్కే హక్కు ఉంది, కానీ సీటు ఫలానాదని లేదు. ఈరోజు కిటికీ పక్కన, రేపు మధ్యలో. ఇదే చర ఐపీ, అంటే డైనమిక్. కంపెనీ దగ్గర ఒక అడ్రసుల రాశి ఉంటుంది. మన రౌటర్ ఆన్ కాగానే అందులోంచి ఖాళీగా ఉన్నది ఒకటి ఇస్తుంది. కరెంటు పోయి రౌటర్ ఆగి మళ్లీ ఆన్ అయితే వేరే అడ్రసు రావచ్చు, పాతదే కూడా రావచ్చు.

అదే రిజర్వేషను చేసుకున్న సీటయితే మన పేరునే ఉంటుంది. ఇది స్థిర ఐపీ, అంటే స్టాటిక్. రౌటర్ ఎన్నిసార్లు ఆపినా అదే అడ్రసు. దీనికి కంపెనీలు సాధారణంగా అదనంగా డబ్బు తీసుకుంటాయి.

మన వ్యాకరణం భాషలో చెప్పాలంటే స్థిర ఐపీ ఒకరికే చెందిన పేరు లాంటిది, చర ఐపీ సర్వనామం లాంటిది. "ఆమె" అనే మాట ఇప్పుడు ఒకరిని చెబుతుంది, తర్వాతి వాక్యంలో ఇంకొకరిని చెబుతుంది. ఎప్పుడు అన్నారో తెలియకపోతే "ఆమె" ఎవరో తేలదు. చర ఐపీ కూడా అంతే, తేదీ, టైము తెలిస్తేనే అది ఎవరిదో చెప్పగలం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఐదో భాగంలో పనికొస్తుంది.

3. మూడోది ఒకటుంది

స్టాటిక్, డైనమిక్ అని రెండే అనుకుంటే సగమే తెలిసినట్టు. అడ్రసులు చాలక కంపెనీలు చాలామంది ఇళ్లని ఒకే బయటి అడ్రసు వెనక పెడతాయి. దీన్ని సీజీనాట్ అంటారు.

హాస్టలుతో పోల్చి చూద్దాం. హాస్టలుకి డోరు నంబరు ఒకటే, లోపల వందమంది. ఎవరు ఉత్తరం పంపినా వార్డెన్ మేడం రిజిస్టరులో రాసుకుని, బయట హాస్టలు అడ్రసు వేసి పంపుతారు. జవాబు రాగానే రిజిస్టరు చూసి సరైన గదికి ఇస్తారు. కాబట్టి మనం మొదలుపెట్టిన ఉత్తరాలకి ఏ ఇబ్బందీ లేదు. కానీ బయటినుంచి ఎవరో కొత్తగా, పేరు లేకుండా, ఉత్తి డోరు నంబరుతో ఉత్తరం పంపితే? ఎవరికివ్వాలో మేడంకి తెలియదు, అది అక్కడే ఆగిపోతుంది.

మన ఇంటి రౌటర్ కూడా చిన్న వార్డెనే. ఇంట్లో ఫోన్లకి 192.168తో మొదలయ్యే అడ్రసులిచ్చి, బయటికి ఒకే అడ్రసుతో పంపుతుంది. సీజీనాట్‌లో ఇంటి వార్డెన్ పైన కంపెనీ వార్డెన్ ఇంకొకరు ఉంటారన్నమాట. వీడియో చూడడం, క్లాసు వినడం, డబ్బు పంపడం అన్నీ మనం మొదలుపెట్టేవే కాబట్టి హాయిగా నడుస్తాయి. బయటినుంచి మన ఇంటి పరికరాన్ని నేరుగా పిలవాలన్నప్పుడే చిక్కు.

ఈ కొరతకి అసలు పరిష్కారం ఐపీవీ6 అనే కొత్త పద్ధతి. అందులో అడ్రసులు ఎన్నంటే ఇంట్లో ప్రతి వస్తువుకీ విడిగా ఇచ్చినా తరగవు. మన దేశంలో మొబైల్ ఇంటర్నెట్ చాలావరకు దీని మీదే నడుస్తోంది. కానీ పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఇంకా కొన్నాళ్లు ఉంటాయి.

4. స్థిర ఐపీ ఎవరికి కావాలి?

చదువుకి, సినిమాలకి, వీడియో కాల్‌కి, యూపీఐకి: అక్కర్లేదు.

స్పీడు పెరగడానికి: అక్కర్లేదు. స్పీడు మీరు తీసుకున్న ప్లానుని, తీగని, వైఫైని బట్టి ఉంటుంది. అడ్రసు మారకపోవడానికీ వేగానికీ సంబంధం లేదు.

ఇంటినుంచి ఆఫీసు పని: మామూలుగా అక్కర్లేదు. కొన్ని ఆఫీసులు మాత్రం ముందే రాసుకున్న అడ్రసులనుంచి వస్తేనే లోపలికి రానిస్తాయి. అప్పుడు కావాలి. ఆఫీసుని అడిగి తెలుసుకోండి.

లైబ్రరీ: ఇది మనకి దగ్గరి ఉదాహరణ. పత్రికలు ప్రచురించే సంస్థలు చాలావరకు యూనివర్సిటీలని వాటి స్థిర ఐపీని బట్టే గుర్తుపట్టి తలుపు తీస్తాయి. కాలేజీల కోసం గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఎన్-లిస్ట్ అనే ఏర్పాటు చేసింది. అందులో మనం పేరు, పాస్‌వర్డుతో లాగిన్ అవుతాం. తర్వాత మన తరఫున వాళ్ల సర్వరే ప్రచురణ సంస్థ తలుపు తడుతుంది. కాబట్టి మన ఇంటి ఐపీ ఏదైనా పర్వాలేదు.

సీసీ కెమెరా: ఇక్కడే చాలామంది అనవసరంగా డబ్బు పోగొట్టుకుంటారు. అండర్సన్‌పేటలో ఒక పిన్ని అంగడి అనుకుందాం. కంపెనీ మార్చారు, ఫోనులో కెమెరా కనబడటం ఆగిపోయింది. "స్టాటిక్ తీసుకోండమ్మా" అన్నారు. నెలకు 200 అనుకుంటే ఏడాదికి 2,400, జీఎస్టీ 18 శాతం కలిపితే 2,832 రూపాయలు. కట్టేముందు ఒక ప్రశ్న అడగాలి: ఆ కెమెరా ఫోనుకి ఎలా చేరుతోంది? ఇప్పటి కెమెరాలు చాలావరకు తయారీదారు సర్వరుకి తామే కబురు పంపుతాయి, ఫోను అక్కడినుంచి చూస్తుంది. హాస్టలు లెక్కలో ఇది మనం మొదలుపెట్టిన ఉత్తరమే. స్థిర ఐపీ అక్కర్లేదు, కొత్త వైఫైకి కెమెరాని కలిపితే చాలు. పాతకాలపు డీవీఆర్‌లో ఐపీ అడ్రసు కొట్టి చూసే పద్ధతయితేనే బయటి అడ్రసు మనకంటూ ఒకటి ఉండాలి. అదైనా చర ఐపీ అయితే, అడ్రసు మారినప్పుడల్లా ఒక పేరుకి దాన్ని జతచేసే డీడీఎన్ఎస్ అనే సదుపాయం ఉంది. సీజీనాట్ వెనక ఉంటే డీడీఎన్ఎస్ పనిచేయదు. అప్పుడు స్థిర ఐపీయో కొత్త కెమెరాయో తప్పదు.

ఇంకొక మాట. మారని ఇల్లు దొంగకీ తెలిసిన ఇల్లే. స్థిర ఐపీ తీసుకుంటే కెమెరాతో వచ్చిన మొదటి పాస్‌వర్డు తప్పకుండా మార్చాలి.

5. "నీ ఐపీ నాకు తెలుసు"

ఈ బెదిరింపు మనలాంటి అమ్మాయిలకి వస్తూ ఉంటుంది. "నీ ఐపీ అడ్రసు తీశాను, మీ ఇల్లెక్కడో తెలుసు" అని మెసేజి పెడతారు. భయపడే ముందు అసలు విషయం తెలుసుకోండి. ఉత్తి ఐపీతో బయటివాళ్లకి తెలిసేది కంపెనీ పేరు, సుమారుగా ఏ ఊరో, అంతే. కేజీఎఫ్‌లో ఉన్నా బెంగళూరు అని చూపించడం మామూలే. ఆ టైములో ఆ అడ్రసు ఏ ఇంటికిచ్చారన్న లెక్క కంపెనీ దగ్గరే ఉంటుంది. దాన్ని చట్టప్రకారం అడిగేది పోలీసులు. మన ఇంటి సంగతి బయటపడేది ఎక్కువగా మనం పెట్టిన ఫోటోలవల్ల, ఫోన్ నంబరువల్ల.

ఇదే లెక్క తిరగేసి కూడా చూడాలి. "నాది డైనమిక్, నన్నెవరు పట్టుకుంటారు" అనుకుని బెదిరించేవాడు కూడా పొరపడినట్టే. సర్వనామం ఎవరిదో టైము చెబుతుందని అనుకున్నాం కదా. అందుకే అలాంటి మెసేజి వస్తే చెరిపేయొద్దు. తేదీ, టైము కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోనో మేడంకో చూపించండి. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు మోసమయితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

6. కంపెనీ మార్చేటప్పుడు వరుసగా చేయాల్సినవి

ఒకటి. కొత్తది వచ్చి రెండు మూడు రోజులు బాగా నడిచాకే పాతది తీయించండి. పరీక్ష ఫీజు, స్కాలర్‌షిప్ ఆఖరి తేదీల దగ్గర అసలు మార్చొద్దు.

రెండు. పక్కింటివాళ్లని అడగండి. రాత్రి ఏడు నుంచి పది మధ్య ఎలా ఉంటుందో, తీగ తెగితే ఎన్నాళ్లకు వస్తారో ప్రకటన కన్నా వాళ్లే బాగా చెబుతారు.

మూడు. కంపెనీని ఈ నాలుగూ అడగండి: "మాకిచ్చేది పబ్లిక్ ఐపీయా, సీజీనాటా? స్థిర ఐపీకి జీఎస్టీ కలిపి ఎంత? ఐపీవీ6 ఉందా? రౌటర్ మాదవుతుందా, తిరిగివ్వాలా?"

నాలుగు. పాత ప్లాను ఆరు నెలలకో ఏడాదికో కట్టేసి ఉంటే ఎన్నాళ్లు మిగిలిందో చూసుకోండి.

ఐదు. నంబరు పోర్టబిలిటీ 2011 జనవరిలో దేశమంతా వచ్చింది, కానీ అది మొబైల్‌కే. ల్యాండ్‌లైను నంబరు, కంపెనీ ఇచ్చిన ఈమెయిల్, స్థిర ఐపీ ఇవేవీ మనతో రావు. పాత నంబరు ఎక్కడెక్కడ రాసిచ్చారో, పాత ఐపీ ఎక్కడెక్కడ పెట్టారో ముందే కాగితం మీద రాసుకోండి.

ఆరు. కొత్త రౌటర్‌కి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెట్టండి. ఇంట్లో ఫోన్లు, టీవీ, కెమెరా చాలావరకు వాటంతటవే కలుస్తాయి. పాస్‌వర్డు ఇప్పటికే వీధంతా తెలిసుంటే మాత్రం కొత్తది పెట్టుకోవడమే మంచిది.

ఏడు. పాత కనెక్షను ఆపమని రాతపూర్వకంగా అడిగి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. రౌటర్ తిరిగిస్తే రసీదు అడగండి. డిపాజిట్ రాకపోతే ముందు కస్టమర్ కేర్, తర్వాత ఆ కంపెనీ అప్పిలేట్ అథారిటీ. వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి కూడా చెప్పొచ్చు.

7. ఇంట్లో చేసి చూడండి

ఫోనుని వైఫైకి కలిపి "నా ఐపీ ఏమిటి" అని వెతికి, వచ్చిన ఐపీవీ4 అడ్రసు రాసుకోండి. తర్వాత రౌటర్ పేజీ తెరిచి వ్యాన్ ఐపీ అని ఉన్నది చూడండి. రౌటర్ పేజీ ఎలా తెరవాలో డబ్బా కింద రాసి ఉంటుంది. రెండూ ఒకటే అయితే మీకు బయటి అడ్రసు విడిగా ఉన్నట్టు. వేరుగా ఉండి, రౌటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. రౌటర్ ఆపి, కాసేపాగి మళ్లీ ఆన్ చేసి చూడండి. అడ్రసు మారితే అది చర ఐపీ. మారకపోతే స్థిరమని వెంటనే అనుకోవద్దు, కొన్నాళ్లు చూడాలి.

నాలుగైదు ఇళ్లవి చూసి రాసుకొస్తే, ఏ పేటలో ఏది ఎలా ఉందో మన క్లాసుకే ఒక పట్టిక తయారవుతుంది. అంకెలు పూర్తిగా రాయొద్దు, ఏ రకమో రాస్తే చాలు. రాబోయే సంచికలో దాన్ని ఈ గోడమీదే పెట్టుకుందాం. ఈలోగా ఎవరింట్లోనైనా కంపెనీ మార్చాలని అనుకుంటుంటే, మూడో ప్రశ్నలన్నీ ఒక చీటీ మీద రాసుకుని వెళ్లండి.