బండి తాళం బిగింపు: చెవి ఒక్కటీ చూస్తే చాలదు

మామిడికుదురు మండలంలో తోటకు వెళ్ళే రైతుకు కత్తి ఎంత అవసరమో మోపెడో, మోటార్ సైకిలో అంతే అవసరమైపోయింది. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చిన నాటినుంచీ ఈ చిన్న బళ్ళు ఏటిగట్ల మీద కొబ్బరికాయల బస్తాలు, పచ్చగడ్డి మోపులు, ఎరువు కట్టలు మోస్తూనే ఉన్నాయి. బస్తా బరువుకు, గట్టు మీది గోతులకు, సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలికి బండి మీద త్వరగా వదులయ్యే వాటిలో తాళం ఒకటి. చెవి తిరగకపోతే కొబ్బరినూనె పోస్తాం, లేదంటే కొత్త చెవి చేయిస్తాం. తాళం సిలిండర్‌ను బండికి దేనితో బిగించారో చాలామంది ఒక్కసారి కూడా వంగి చూసి ఉండరు. దొంగ మాత్రం ముందు అదే చూస్తాడు.

తాళం సిలిండర్ అంటే ఒకదాంట్లో ఒకటి ఇమిడిన రెండు గొట్టాలు. లోపలి గొట్టంలో స్ప్రింగుల మీద నిలబడే పల్చటి ఇత్తడి బిళ్ళలు ఉంటాయి. సరైన చెవి పెడితే అవన్నీ ఒకే మట్టానికి వస్తాయి, అప్పుడు లోపలి గొట్టం తిరుగుతుంది. ఇళ్ళ తలుపులకు వాడే సిలిండర్ తాళానికి అమెరికాలో లైనస్ యేల్ అనే ఆయన 1861లో, 1865లో పేటెంట్లు తీసుకున్నాడు. అందులో బిళ్ళలకు బదులు చిన్న పిన్నులుంటాయి, సూత్రం మటుకు ఇంచుమించు ఇదే. బయటి గొట్టం కదలకుండా నిలబడితేనే ఈ ఏర్పాటంతా పనిచేస్తుంది. అది కూడా చెవితోపాటు గిర్రున తిరిగితే లోపల ఎన్ని బిళ్ళలుండి ఏం లాభం? ద్వారబంధం ఊగుతుంటే గొళ్ళెం గట్టిదని నిశ్చింతగా పడుకోలేం కదా.

హ్యాండిల్ దగ్గరి తాళం

ఇప్పటి మోటార్ సైకిళ్ళలో ఎక్కువవాటికి ఇంజను స్విచ్చి, హ్యాండిల్ లాక్ ఒకే సిలిండర్‌లో ఉంటాయి. ముందు ఫోర్కులను పట్టి ఉంచే పై బ్రాకెట్టుకు కింద నుంచి సాధారణంగా రెండు బోల్టులతో దాన్ని బిగిస్తారు. పాత బళ్ళలో హ్యాండిల్ లాక్ వేరేగా ఫ్రేము మెడకు పక్కన ఉండేది. చెవిని ఎడం పక్కకు తిప్పి నొక్కితే సిలిండర్ లోంచి ఒక ఇనుప పిన్ను బయటకు వచ్చి ఫ్రేము మెడ దగ్గరున్న గాడిలో దిగుతుంది. హ్యాండిల్ తిరగకుండా ఆపేది ఆ పిన్ను ఒక్కటే.

ఆ రెండు బోల్టుల్లో కొన్ని కంపెనీలు తల తెగే రకం వాడతాయి. స్పానర్‌తో బిగిస్తూ పోతే సరైన బిగువు రాగానే ఆరు పలకల తల తెగి కింద పడిపోతుంది, నున్నటి గుండు మాత్రం మిగులుతుంది. ఇక దానికి స్పానర్ పట్టదు. కొత్త లాక్ సెట్ వేయించుకునేటప్పుడు తల తెగడం చూసి "ఇదేంటండీ, బోల్టు విరగ్గొట్టేశారు!" అని మెకానిక్‌తో తగువుకు దిగేవారున్నారు. విరిగిపోవడానికే దాన్ని అలా చేశారని ఆయన చెప్పినా వినరు.

అసలు చిక్కు వేరే ఉంది. పాత సిలిండర్ తీయాలంటే ఆ నున్నటి గుండుకు నడిమధ్య పంచ్ కొట్టి, డ్రిల్లు వేసి తీయాలి. అది శ్రమతో కూడిన పని. ఒకసారి తీశాక మళ్ళీ అలాంటి బోల్టు దొరక్కో, తొందర్లోనో మామూలు పదో నంబరు స్పానర్ బోల్టులు వేసి పంపించేస్తుంటారు. చూడ్డానికి తేడా తెలియదు. కానీ ఆ పూటనుంచి మీ బండి తాళం పది నంబరు స్పానర్ ఉన్న ప్రతివాడి చేతిలోనూ ఉన్నట్టే. కనుక లాక్ సెట్ కొనేటప్పుడే బోల్టులు కూడా అదే రకం అడిగి తీసుకోవాలి. దొరక్కపోతే గుండు తల అలెన్ బోల్టు వేయించి, బిగించాక ఆ అలెన్ గుంటలో సరిగ్గా పట్టే సైకిల్ బేరింగు గోళీ ఒకటి సుత్తితో దిగ్గొట్టించండి. పైన కాస్త ఎంసీల్ పూస్తే చాలు. ఖర్చు టీ డబ్బులు దాటదు. రేపు మనమే తీయాల్సి వస్తే డ్రిల్లుతో తీసుకోవచ్చు.

బిగువు విషయంలో కండబలం పనికిరాదు. సిలిండర్ పై ఒళ్ళు ఎక్కువగా జింకు కలిసిన పోతలోహం, షాపుల్లో మజాక్ అంటారు. ఉక్కు బోల్టును పట్టుదలగా తిప్పితే దాని మరలు ఊడిపోతాయి. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు ఒక కిలో మీటరు బిగువు సరిపోతుంది, అంటే చిన్న స్పానర్‌తో మణికట్టు బలం. గోతుల దారుల్లో వదులవకుండా మరలకు నీలం రంగు లాక్‌టైట్ ఒక చుక్క వేయాలి. ఎర్రది వేస్తే తర్వాత కాల్చి తీయాల్సి వస్తుంది, వద్దు.

బిగించాక హ్యాండిల్‌ను రెండు పక్కలా చివరిదాకా తిప్పి వైరు లాగుతోందేమో చూడాలి. ఇంజను ఆన్ చేసి కూడా అలాగే తిప్పాలి. ఏ పక్కనైనా ఇంజను ఆగిందంటే వైరు ఎక్కడో నలుగుతున్నట్టు. కొబ్బరి బస్తాలతో బోడసకుర్రు వంతెన ఎక్కాక ఆ సంగతి తెలియడం కన్నా షెడ్డులో తెలియడం మేలు. తర్వాత హ్యాండిల్ లాక్ వేసి కొంచెం ఊపి చూడండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల ఆట సహజం. లాక్ వేసినా హ్యాండిల్ బాగా ఊగితే పిన్ను గాడిలో పూర్తిగా దిగలేదన్నమాట, లేదా సిలిండరే కదులుతోంది. అలాంటి లాక్ ఒక్క తన్నుకు విరుగుతుంది. ఆ మాటకొస్తే బాగా బిగించినది కూడా బలంగా తిప్పితే విరగొచ్చు, చక్రానికి గొలుసు వేయడం దీనికి అదనం. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలోనో, అప్పనపల్లి గుడి దగ్గరో వందల బళ్ళ మధ్య పెట్టినప్పుడు రెండూ వేసుకోవాలి.

పక్క డబ్బా, సీటు తాళాలు

పక్క డబ్బా మూతకు, సీటుకు ఉండే సిలిండర్లను ఎక్కువగా క్లిప్పుతో నిలబెడతారు. మూతకున్న రంధ్రంలోంచి సిలిండర్‌ను తోసి, వెనక దాని గాడిలోకి గుర్రపునాడా ఆకారంలో ఉన్న స్ప్రింగు రేకు తొడుగుతారు. ముందు సిలిండర్ అంచు, వెనక క్లిప్పు, మధ్యలో మూత నలిగి ఉండాలి. ఈ క్లిప్పును పై నుంచి కిందికి తొడగాలి. కింద నుంచి పైకి తొడిగితే గోతుల్లో కుదుపుకు జారి ఎక్కడో గట్టు మీద రాలిపోతుంది. సాగిపోయిన క్లిప్పును శ్రావణంతో నొక్కి మళ్ళీ వాడడం ఆదా కాదు, కొత్తది వేయండి. సిలిండర్ లొటలొటలాడుతుంటే పాత సైకిల్ ట్యూబు ముక్కను వాషర్‌లా కోసి అంచు కింద పెడితే కుదురుకుంటుంది, నీళ్ళూ లోపలికి పోవు.

రైతులు బండికి సొంతంగా ఇనుప డబ్బా చేయించి బీరువా తాళం లాంటిది పెట్టించుకుంటారు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఆ సిలిండర్ పూర్తి గుండ్రంగా ఉండదు, రెండు పక్కలా చదునుగా ఉంటుంది. వెల్డింగు షాపులో గుండ్రటి రంధ్రం కొట్టి నట్టు బిగించేస్తే నెల తిరక్కుండా చెవితోపాటు సిలిండర్ మొత్తం తిరగడం మొదలవుతుంది. చదును పక్కల మధ్య కొలత ఎంతో అంతకే డ్రిల్లు వేసి, మిగతాది ఆకురాయితో సిలిండర్ ఆకారానికి అరగదీయాలి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. డబ్బా రేకు పల్చనైతే వెనక రెండు మూడు మిల్లీమీటర్ల మందం ముక్క వేయించి దానికీ అదే రంధ్రం చేయించాలి. వెల్డింగ్, రెడ్ ఆక్సైడ్ పూత అన్నీ అయ్యాకే తాళం పెట్టాలి, లేకపోతే వేడికి స్ప్రింగులు చచ్చిపోతాయి. తాళం నాలుక చట్రం వెనక్కి కనీసం ఒక సెంటీమీటరు వెళ్ళాలి. చెవి రంధ్రం చక్రం చిమ్మే బురద వైపు ఉండకూడదు.

పెట్రోలు ట్యాంకు మూత తాళాన్ని కెలకవద్దు. పాడైతే మూత మొత్తం మార్చడమే మంచిది.

ఉప్పుగాలి మాట

జింకు పోతలోహానికీ ఉక్కు బోల్టుకూ మధ్య ఉప్పు తడి చేరితే తెల్లటి పొడి పడుతుంది. లోహం తినేస్తోందనడానికి అది గుర్తు. పంటు మీద లంకలకు బండి దాటించేవారికి ఈ బాధ ఇంకా ఎక్కువ. బిగించే ముందు సిలిండర్ ఒళ్ళు బ్రాకెట్టుకు ఆనే చోట పల్చగా గ్రీజు పూయాలి. ఆ గ్రీజును చెవి రంధ్రంలోకి పోనివ్వకూడదు. కొబ్బరినూనె కూడా అంతే. మన ఊళ్ళో తలనొప్పి నుంచి తలుపు కిర్రు దాకా అన్నిటికీ అదే మందు గానీ, తాళంలో అది దుమ్ము పట్టి కొన్నాళ్ళకు జిగురవుతుంది, బిళ్ళలు అంటుకుపోతాయి. గ్రాఫైటు పొడి వాడండి. లేకపోతే చెవి పళ్ళకు పెన్సిలు రుద్ది నాలుగైదుసార్లు పెట్టి తీయండి. వర్షాకాలానికి ముందోసారి, తర్వాతోసారి చేస్తే చాలు.

ఇంత చేసినా బండి పోతే వెంటనే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, బీమా కంపెనీకి కూడా తెలపాలి. కేవలం థర్డ్ పార్టీ బీమా ఉంటే దొంగతనానికి పైసా రాదు, పాలసీ కాగితం తీసి ఏ రకమో ఈ రోజే చూసుకోండి. పోలీసులకు వెంటనే చెప్పి, బీమా కంపెనీకి చెప్పడం మాత్రం ఆలస్యమైతే ఆ ఒక్క కారణంతో పరిహారం కొట్టేయరాదని సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పింది. అయితే కంపెనీలు రెండు చెవులూ చూపమంటాయి. చెవి బండికే వదిలేసి తోటలోకి వెళ్ళారని తేలితే అజాగ్రత్త అంటాయి. లాక్ సెట్ మార్పించిన వారు పాత చెవులు, షాపు బిల్లు పారేయకుండా ఆర్‌సీ కాగితాలతోపాటు ఇంట్లో ఉంచుకోవాలి, డబ్బాలో కాదు.