ముసురులో బోన్సాయ్: మందు కాదు, మట్టి మార్చండి

కడియం, కడియపులంక నర్సరీల్లో ఈ నెల జువ్వి బోన్సాయ్‌లు ఆకులు పండబారి రాలుస్తున్నాయి. తొలకరి ముందే వచ్చింది, ఆపై తెరిపి లేని ముసురు పట్టింది. ట్రేల్లో మట్టి ఆరడమే లేదు. అయినా చాలా చోట్ల రైతులు ముందుగా అందుకుంటున్నది స్ప్రేయర్‌నే. తెగులు ఆకులో లేదు, వేరులో ఉంది. ఆకు మీద ఎన్నిసార్లు మందు కొట్టినా ఆ డబ్బు వాననీటిలో పోయినట్టే.

ట్రేలో నీళ్లు పోసి చూడండి. నిమిషం దాటినా నీరు పైనే నిలిస్తే మొక్కను ఎత్తి వేర్లు చూడండి. బాగున్న వేరు గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు నల్లబడి మురుగు వాసన కొడుతుంది. పట్టి లాగితే పైతొక్క ఊడివచ్చి లోపలి నార మిగులుతుంది.

దీనికి మూలం మనం వాడే మట్టి. లారీలో వేరు ముద్ద చెదరకూడదని ఎర్రమట్టి, ఒండ్రు దట్టించి కూరుతున్నాం. లోతైన కుండీలో ఆ మట్టి కొంతైనా నీరు వదులుతుంది. రెండంగుళాల ట్రేలో అదే మట్టి అడుగు నుంచి పైదాకా నానుతూనే ఉంటుంది. అడుగున కంకర పరిచినా ఇది పోదు. మట్టినే మార్చాలి. 3 నుంచి 6 మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు, ముతక ఇసుక కలిపి సగానికి పైగా ఉండాలి. మిగతాది ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు. ఇటుక పొడిని తప్పకుండా జల్లించి పారేయండి, రంధ్రాలను పూడ్చేది అదే.

వేర్లు కుళ్లిన మొక్కకు వాన తగ్గేదాకా ఆగవద్దు, ఈ వారమే కుండీ మార్చండి. పాత మట్టి కడిగేసి, కుళ్లిన వేరునంతా పచ్చి భాగం తగిలేదాకా కోయండి. వేరు ఎంత పోయిందో కొమ్మలూ ఆకులూ ఆ మేరకు తగ్గించండి. ఒక్కసారి మాత్రం లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మట్టి తడిసేలా పోస్తే చాలు. మొక్క కదలకుండా ట్రే రంధ్రాల గుండా తీగతో కట్టండి. కదిలితే కొత్త వేరు తెగుతుంది.

ఆరోగ్యంగా ఉండి, రెండేళ్లుగా మట్టి మారని జువ్వి, రావి, మర్రి మొక్కలకూ కుండీ మార్చడానికి ఇది మంచి అదనే. వాటికి మూడోవంతుకు మించి వేరు తీయకండి. కుండీ మార్చినవాటిని రెండు మూడు వారాలు పాలిథిన్ కప్పు కింద ఉంచండి. షేడ్‌నెట్ ఎండను ఆపుతుంది గానీ వానను ఆపదు. నెల దాటేదాకా పైఎరువు వేయకండి. ఎడీనియం జోలికి మాత్రం ఇప్పుడు వెళ్లవద్దు. కోసిన వేరు ఈ తేమలో ఆరక దుంప కుళ్లుతుంది. ఫిబ్రవరి, మార్చి దాకా ఆగండి.

కొన్ని దుకాణాల్లో రూట్ బూస్టర్, హ్యూమిక్, టానిక్ అంటూ మూడు సీసాలు కలిపి అంటగడుతున్నారు. వేర్లే లేని మొక్క ఆ సీసాను ఎలా తాగుతుంది? ఎన్నిసార్లు చెప్పినా ఈ కొనుగోళ్లు ఆగడం లేదు. ఆ డబ్బుతో ఇటుక ముక్కలూ జల్లెడా కొనుక్కోండి. ఆకు రాలడం కాక, జువ్వి ఆకు మధ్యకు మడిచినట్టు ముడుచుకుంటే అది తామర పురుగు. మందు ఆ మడత లోపలికి చేరదు. ఆకులు తుంచి కాల్చేయండి. వరుసంతా మందు కొట్టకండి.

ఇక బోన్సాయ్ కాక ఇతర మొక్కల సంగతి. చామంతి నాటిన నాలుగో వారంలో తలలు తుంచండి. కొబ్బరిపై సర్పిలాకార తెల్లదోమ కనిపించినా పురుగుమందు కొట్టవద్దు. దాన్ని అదుపు చేసే ఎన్‌కార్సియా మిత్రపురుగులు ముందు చస్తాయి.